రెండు చేతుల కళ్లం

గురువారం పొద్దుటికి సంగతి ఇక్కడుంది. నువ్వుచేను కోసి ఎనిమిది రోజులైంది. కట్టలు గట్టున నిలబెట్టి ఉన్నాయి. కాయలు నోళ్లు తెరిచాయి. వాటిని కళ్లంలోకి తెచ్చి దులపాలి. కళ్లంలో ఉపేంద్ర గోల్ఫు ఆడుతున్నాడు.

ఉపేంద్ర విశాఖపట్నంలో ఒక క్లబ్బులో పద్నాలుగేళ్లుగా కేడీ. ఆడేవాళ్ల సంచి మోసి, బంతి ఎక్కడ పడిందో వెతికి, ఏ కర్ర తీయాలో చెప్పే పని. కేడీల్లోంచి ఒకరిని అసిస్టెంటు కోచ్‌గా తీసుకోవడానికి క్లబ్బు పరీక్ష పెడుతుంది. రెండు రోజులు, రెండు రౌండ్లు, అంతా కలిపి నూట యాభై ఎనిమిది దెబ్బలు దాటకూడదు. కిందటేడు అతనికి నూట అరవై ఒకటి వచ్చాయి. ఎక్కువైన ఆ మూడు దెబ్బలూ గుంటకు నాలుగడుగుల లోపు పోయినవే. ముప్పయ్యైదు నిండినవాళ్లకు పరీక్ష లేదు. ఆగస్టులో అతనికి నిండుతాయి. ఈ ఏడు పరీక్ష మే రెండో తేదీ, శనివారం. ఇంకా తొమ్మిది రోజులు.

శని, ఆదివారాలు క్లబ్బులో పని. సోమవారం ఒక్కరోజు కేడీలను గ్రీన్ మీద ఆడుకోనిస్తారు. గ్రీన్ అంటే గుంట చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి. మంగళవారం నుంచి శుక్రవారం దాకా అతను చీపురుపల్లి స్టేషనుకు ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న సొంత ఊళ్లో ఉంటాడు. జనవరిలో వరి నూర్పు కాగానే కొలత తీసి గుంటకు బదులు కళ్లంలో పాలపొడి డబ్బా పాతాడు. అప్పట్నుంచి రోజుకు వంద బంతులు. ఎన్ని పడ్డాయో పుస్తకంలో రాస్తున్నాడు.

బుధవారం సాయంత్రం అతను గోడ మీది క్యాలెండరు తెచ్చి భార్య ధనలక్ష్మి ముందు పరిచాడు. తన చేయి పున్నమికి వంకరపోతోందన్నాడు. పున్నమి మే ఒకటిన, పరీక్ష రెండున అన్నాడు. అన్నం తినకుండా లేచిపోయాడు. పోయిన వారం కథ అక్కడ ఆగింది.

గురువారం ఆరున్నరకు ధనలక్ష్మి కళ్లం గట్టున నిలబడి చూసింది. పదకొండు బంతులు కొట్టాడు. పదకొండూ పడ్డాయి. ప్రతి బంతికీ అతను చేసేది ఒకటే. బంతి వెనక కూర్చుని గుంట వైపు చూస్తాడు. లేస్తాడు. బంతిని దొర్లించే కర్రను, పటర్‌ను, గాలిలో రెండుసార్లు ఊపుతాడు. తల వంచి, ఊపిరి వదిలి, కొడతాడు. బంతి డబ్బాలో పడిన చప్పుడు వినిపించేదాకా తల ఎత్తడు. తల ఎత్తకుండా ఉండటం నేర్చుకోవడానికి అతనికి ఒక నెల పట్టింది. ఆ నెలలో ధనలక్ష్మి ఏం చెప్పినా అతని నెత్తితోనే చెప్పింది.

“బావా.”

పన్నెండో బంతి పడింది.

“బావా, నువ్వులు.”

“వందవనీ.”

“నిన్నా వందే అన్నావు. మొన్నా వందే. రాత్రి ఉరిమింది ఇన్నావా? ఒక్క జల్లు పడితే ఆ కట్టలు నల్లబడిపోతాయి. నువ్వు ఆ డబ్బా తీస్తే నేను కట్టలు దింపుతాను.”

“డబ్బా తీస్తే మళ్లీ అదే మట్టానికి పడదు.”

“డబ్బా ఉండగా దులిపితే నువ్వులు సగం అందులోకే పోతాయి.”

“మూత ఎట్టు.”

“మూత నీ నోటికి ఎట్టాలి.”

అరుగు మీద తమలపాకు ఈనె తీస్తున్న దాలమ్మ తల తిప్పింది. దాలమ్మ ఉపేంద్ర తల్లి. ధనలక్ష్మికి అత్తే కాదు, మేనత్త కూడా. అందుకని ఎవరి పక్షం మాట్లాడాలో ఆమెకు ఎప్పుడూ చిక్కే. ఇద్దర్నీ తిట్టి ఆ చిక్కు తీర్చుకుంటుంది.

“ఒరే, మీ నాన్న ఈ కళ్లం కట్టింది ధాన్యానికిరా, గచ్చకాయలాడుకోడానికి కాదు. ఒలే ధనం, నువ్వయినా పొద్దున్నే లేసి ఆడికి అలికి పెడతావేటి? అలక్కపోతే ఆడే మానేస్తాడు.”

“అలక్కపోతే మట్టిలోనే కొడతాడత్తా. ఆ దుమ్మంతా నేనే తుడుసుకోవాల.”

అలకడం గురించి ఇక్కడ చెప్పాలి. ఊళ్లో కళ్లాలు చీపురుతో అలుకుతారు. పేడనీళ్లు చల్లి, చీపురుతో లాగి, వదిలేస్తారు. చీపురు పుల్లల గీతల మీద బంతి గెంతుతోందని ఉపేంద్ర జనవరిలోనే గోల పెట్టాడు. చేత్తో అలకమన్నాడు. డబ్బాకు ఇవతల పన్నెండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పున ఒక పట్టీ. ధనలక్ష్మి పేడను నీళ్లలో కలిపి, పాత గుడ్డలో వడకట్టి, గొంతుక్కూర్చుని, అరచేత్తో అర్ధచంద్రాలు గీస్తూ వెనక్కి జరుగుతుంది. ఏప్రిల్ ఎండకు గంటలో ఆరిపోతుంది. మూడు నెలలుగా ఆమె పొద్దు ఇలాగే మొదలవుతోంది. ఆమె ఏనాడూ గోల్ఫు చూడలేదు.

“పుస్తకం ఇటియ్యి,” అంది ధనలక్ష్మి. “పున్నమి పున్నమంటావు. ఏ పున్నమో నేనూ సూస్తాను.”

అతను జేబులోంచి తీసి ఇచ్చాడు. పదమూడో బంతి వెనక కూర్చున్నాడు.

అంకెలు వరసగా ఉన్నాయి. మొదటి రెండు వారాలు అరవై, అరవై ఎనిమిది, డెబ్బై ఒకటి. ఫిబ్రవరి మూడు నుంచి ఆరు దాకా ఎర్రసిరాతో పద్నాలుగు, తొమ్మిది, పన్నెండు, పదకొండు. పదో తేదీ నుంచి మళ్లీ డెబ్బై నాలుగు, ఎనభై. మార్చి మూడు నుంచి ఆరు దాకా ఎర్రసిరా. తర్వాత ఎనభై ఎనిమిది, తొంభై. మార్చి ముప్పయ్యొకటి నుంచి ఏప్రిల్ మూడు దాకా ఎర్రసిరా. తర్వాత తొంభై ఒకటి, తొంభై రెండు, తొంభై మూడు.

ఎర్రసిరా పక్కన అతను చంద్రుడి బొమ్మ వేసుకున్నాడు.

ధనలక్ష్మి మూడు తేదీలూ రెండుసార్లు చదివింది. క్యాలెండరు అక్కర్లేకపోయింది. ఫిబ్రవరి మూడు. మార్చి మూడు. మార్చి ముప్పయ్యొకటి. ఇరవై ఎనిమిది రోజులకొకసారి. ఆమెకు ఆ తేదీలు వేరే లెక్కలో తెలుసు.

ఆ ఇంట్లో వంటింటి పట్టింపు పోయి పదేళ్లయింది. కళ్లం పట్టింపు మాత్రం పోలేదు. గింజ పడే చోటు గనక ఆ నాలుగు రోజులూ ధనలక్ష్మి కళ్లం తొక్కడానికి లేదని దాలమ్మ మాట. ధనలక్ష్మి కూడా వాదించలేదు. నెలకు నాలుగు పొద్దులు నడుముకు విశ్రాంతి దొరుకుతోందని ఊరుకుంది.

“బావా, ఈ ఎర్రసిరా రోజుల్లో నేనెక్కడున్నాను?”

“ఇంట్లోనే.”

“కళ్లంలో ఉన్నానా?”

అతను పటర్ ఆనించి ఆలోచించాడు. “నేదు.”

“ఎందుకు రానేదు?”

అతను తల్లి వైపు చూశాడు. తర్వాత నేల వైపు చూశాడు. “అదేటి ఇప్పుడు?”

“అప్పుడు అలికిందెవులు?”

“అమ్మ.”

“మూడు నెలలు. మూడు సార్లు. ఆకాసం కేసి సూసేవు. క్యాలెండరు కేసి సూసేవు. సెంద్రుడి బొమ్మలేసుకున్నావు. ఇంట్లో పెళ్లాం కేసి మట్టుకు సూడనేదు.”

“అమ్మ అలికితే ఏటి? పేడ పేడే కదా.”

“అత్త సెయ్యి ఏ వాటం?”

దాలమ్మది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు తండ్రి వాతలు పెడితే అన్నం ఒక్కటి కుడిచేత్తో తినడం నేర్చుకుంది. కొడవలి, చీపురు, రోకలి, కొడుకు వీపు, అన్నీ ఎడమచేతికే. అది తెలియనివాళ్లు ఆ ఊళ్లో లేరు. ఉపేంద్రకు అందరికన్నా బాగా తెలుసు.

“ఏటే,” అంది దాలమ్మ అరుగు దిగి వస్తూ. “నా సెయ్యేటి సేసింది?”

“ఏటీ సెయ్యనేదత్తా. కాస్త ఇలాగొచ్చి అలుకు.”

ధనలక్ష్మి చీపురుతో పట్టీ అంతా తడిపి పాత గీతలు చెరిపేసింది. డబ్బా నుంచి నిలువుగా తాడు పరిచి పట్టీని రెండు చేసింది. కుడి సగం దాలమ్మకు ఇచ్చి ఎడమ సగం తను తీసుకుంది. ఇద్దరూ పక్కపక్కన గొంతుక్కూర్చుని అలికారు. ధనలక్ష్మి చేయి ఎడమ నుంచి కుడికి తిరిగింది. దాలమ్మ చేయి కుడి నుంచి ఎడమకు తిరిగింది. గంటకు పట్టీ ఆరింది. ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు ధనలక్ష్మి గట్టు మీద కూర్చుని చూసింది. ఆమె వేళ్ల గీతలు ఒకవైపు వంగి ఉన్నాయి. అత్త వేళ్ల గీతలు రెండోవైపు వంగి ఉన్నాయి. ఉపేంద్రను చెయ్యి పట్టి కూర్చోబెట్టి చూపించింది.

“కొట్టు,” అంది.

భార్య అలికిన సగంలోంచి ఆరడుగుల దూరం పది బంతులు కొట్టాడు. తొమ్మిది పడ్డాయి. తల్లి అలికిన సగంలోంచి పది కొట్టాడు. ఒకటి పడింది. తొమ్మిదీ కుడివైపు పోయాయి. నాలుగు వేళ్ల దూరం, అయిదు వేళ్ల దూరం.

“మళ్లీ కొట్టు.”

మళ్లీ అంతే.

“నా గీతలు బంతిని ఎడంకి లాగుతన్నాయి,” అంది ధనలక్ష్మి. “అది నీకు తెల్దు. నీ సేతికి తెలిసింది. అందుకని నువ్వు కుడికి కొడతన్నావు. నా గీతలు దాన్ని గుంటలోకి తెచ్చి పడేస్తన్నాయి. అత్త గీతలు ఇంకాస్త కుడికి తోసేస్తన్నాయి. ఇందులో పున్నమెక్కడున్నాది?”

ఉపేంద్ర పటర్ మొహాన్ని చూశాడు. బంతిని చూశాడు. తల్లి చేతిని కూడా చూశాడు.

“అయితే ఎవులిది మంచి సెయ్యి?” అంది దాలమ్మ. “దీందా, నాదా?”

“ఆడికి రెండూ మంచివి కావత్తా.”

“నన్నెందుకు కలుపుతావు? నేను నెలకి నాలుగు రోజులే అలికేను. నువ్వు నెలంతా అలికి ఆణ్ని వంకర సేసేవు.”

“సేత్తో అలకమన్నదెవులు? నేనడిగేనా అలుకుతానని?” ధనలక్ష్మి ఉపేంద్ర వైపు తిరిగింది. “సోమవారం గ్రీన్ మీద ఎన్ని పడ్డాయి?”

అతను బంతి తీసి అరచేత్తో తుడిచాడు.

“ఎన్ని?”

“పొద్దున్నే నీళ్లు కడతారు. తడి మీద బంతి సరిగా…”

“ఎన్ని పడ్డాయి బావా?”

“వందకి ముప్పయ్యారు.”

“పోనివి ఎటు పోయాయి?”

“కుడికి.”

“అన్నీనా?”

“ఇంచుమించు.”

ధనలక్ష్మికి గట్టిగా అరవాలనిపించింది. అరిచి ప్రయోజనం లేదని తెలిసి నడుం మీద చేతులు పెట్టుకుంది. మూడు నెలలు చీకటితో లేచింది. మోకాళ్లు పట్టేశాయి. గోళ్ల కింద పేడ వాసన సబ్బుకు పోవడం లేదు. ఆ కష్టమంతా పోసి మొగుడికి తప్పు నేర్పింది. నేర్పినట్టు ఆమెకు తెలియదు. నేర్చుకున్నట్టు అతనికి తెలియదు. సోమవారం సోమవారం గడ్డి చెబుతూనే ఉంది. అతను దాని మాట వినకుండా, ఇంటికొచ్చి తొంభై రాసుకున్నాడు.

“ఆ ముప్పయ్యారు ఇందులో ఎక్కడ రాసేవు?” అంది పుస్తకం చూపించి.

“ఇది కళ్లం లెక్క. గ్రీన్ లెక్క రాయనేదు.”

ఆమె పుస్తకం అతని చేతిలో పెట్టేసింది.

“సరే. అయిందేదో అయింది. రేపు సాయంత్రం ఎలాగూ బండెక్కుతావు. ఎక్కి మళ్లీ రాకు. పరీచ్చ దాకా అక్కడే ఉండు. కేడీల గదిలో పడుకో. సోమవారం అంతా గడ్డి మీదే ఉండు. తక్కిన రోజులు ఎవరి కాళ్లో పట్టుకుని పొద్దున్న గంట, సాయంత్రం గంట కొట్టుకో. మూడడుగుల నుంచి మొదలెట్టు. ఎటు కొడతన్నావో ఎవుర్నయినా ఎనకాల నిలబడి సూడమను. మూడు నెల్ల అలవాటు ఎనిమిది రోజుల్లో పోతాదో పోదో నాకు తెల్దు. ఇక్కడుంటే మట్టుకు పోదు.”

ఇంత మాట వరసగా ఆమె ఎప్పుడూ గోల్ఫు గురించి మాట్లాడలేదు. దాలమ్మ కూడా విస్తుపోయి చూసింది.

ఉపేంద్ర ఏదో అనబోయాడు. ఈలోపు దాలమ్మ గునపం తెచ్చింది. డబ్బా పక్కన ఎడమచేత్తో నాలుగు పోట్లు పొడిచింది. డబ్బా పైకి వచ్చింది. గుంటలో మట్టి పోసి, నీళ్లు చల్లి, కాలితో తొక్కి, మీద పేడ రాసింది. అంతా అయిదు నిమిషాల పని.

“ఇంక కట్టలు దింపండి,” అంది.

పదిన్నరకు మొదటి కట్టలు కళ్లంలోకి వచ్చాయి. తలకిందులు చేసి కొడితే నువ్వులు జలజల రాలాయి. ఉపేంద్ర కూడా మోశాడు. మామూలుగా అయితే ఇన్ని మాటలు పడ్డాక అతను ఒక్కటైనా తిరిగి అనేవాడు. ఏమీ అనలేదు. ధనలక్ష్మి దాన్ని సిగ్గు అనుకుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె అతని సంచి సర్దింది. ఎనిమిది రోజులకు సరిపడా బట్టలు. రెండు తువ్వాళ్లు. చివరికి క్లబ్బు చొక్కా తీసింది. ఆకుపచ్చ చొక్కా, ఎడమ జేబు మీద ఇత్తడి బిళ్ల, బిళ్ల మీద ఇరవై ఏడు. ఆ చొక్కా ఉతికినప్పుడల్లా బిళ్ల తీసి దేవుడి గూట్లో పెట్టి, ఇస్త్రీ అయ్యాక మళ్లీ తగిలించడం ఆమె పని. చొక్కా మీద బిళ్ల లేదు. దేవుడి గూట్లో చూసింది. అక్కడా లేదు. జేబు మీద పిన్ను దిగిన చిల్లులు రెండు ఉన్నాయి.

“బావా, బిళ్లేది?”

ఉపేంద్ర గుమ్మంలో కూర్చుని కాళ్లకు అంటిన మట్టి రాలుస్తున్నాడు.

“ఇచ్చేసేను.”

“ఎవులికి?”

“నరసింగరావు గారికి. సెక్రటరీ గారికి.”

“ఎందుకు?”

“పరీచ్చకి పేరిచ్చినోళ్లు కేడీ పట్టీలో ఉండకూడదట. రూలు. వారం ముందు బిళ్ల ఇచ్చెయ్యమన్నారు.”

“వారం ముందు. అంటే ఎల్లుండి శనివారం. ఇంకా రెండు రోజులున్నాది కదా.”

“నేను సోమవారమే ఇచ్చేసేను.”

“ముప్పయ్యారు పడిన సోమవారమా?”

“ఇక్కడ తొంభై మూడు పడ్డాయి కదా అని.”

ధనలక్ష్మి చొక్కా మంచం మీద పెట్టింది.

“బిళ్ల లేకపోతే?”

“గేటు దాటనివ్వరు. పరీచ్చ రోజే రానిస్తారు.”

“పరీచ్చ పోతే బిళ్ల తిరిగి ఇస్తారా?”

“ఇరవై ఏడు ఆ సాయంత్రమే ఎల్లాజీకి ఇచ్చేసేరు. ఆడు మూడేళ్ల నుంచి కేడీ బిళ్ల కోసం ఎదురు సూస్తన్నాడు.”

కళ్లంలో దాలమ్మ కట్టలు కొడుతున్న చప్పుడు ఇంట్లోకి వినిపిస్తోంది. ధనలక్ష్మి ఆ చప్పుడు వింటూ నిలబడింది. గడ్డి మీదికి వెళ్లడానికి లేదు. కళ్లంలో గుంట లేదు, ఉన్నా లాభం లేదు. పద్నాలుగేళ్ల పని సోమవారం నుంచే లేదు. పున్నమి అంటే అతను అంత భయపడింది ఎందుకో ఆమెకు ఇప్పుడు అర్థమైంది.

“నన్నొక్క మాటడగాలి కదా.”

“అడిగితే వద్దంటావని.”

“వద్దనే అందును.”

అతను తల దించుకున్నాడు. ఆమె మంచం కింద నుంచి తన సంచి లాగింది. చీర ఒకటి తీసి దులిపింది.

“ఏటి సేస్తన్నావు?”

“సాయంత్రం దాకా ఆగద్దు. రేపు పొద్దున్న బండికి ఎల్దాం. ఆ నరసింగరావు గారితో నేను మాటాడతాను.”

“ఏటని మాటాడతావు? మా ఆయనకి నేను పేడ అలికి ఆట సెడగొట్టేననా?”

“అదే. అదే నిజం కదా.”

“నవ్వుతారు ధనం.”

“నవ్వనీ. నవ్వడం అయినాక ఈ ఎనిమిది రోజులు గడ్డి మీద కొట్టుకోనివ్వమంటాను.”

ఉపేంద్ర లేచి లోపలికి వచ్చాడు. బయట తల్లికి వినపడకూడదని తలుపు దగ్గరగా వేశాడు.

“ఆయనకి సెప్పడానికి నేదు. నూట యాభై ఎనిమిది లోపు ఇద్దరు ముగ్గురు ఆడితే, అందులో ఎవర్ని తీసుకోవాలో తేల్సేది ఆయనే. రెండు రోజులూ దెబ్బల లెక్క కాయితం పట్టుకుని నా ఎనకాల నడిసేది కూడా ఆయనే. బంతి కుడికి పోతాదని మనంతట మనమే ఎల్లి ఆయన సెవిలో ఎయ్యాలా?”

ధనలక్ష్మి చీర సగం మడిచి ఆగింది. చెబితే అతని లోపం పరీక్ష పెట్టేవాడికి తెలుస్తుంది. చెప్పకపోతే గేటు తెరుచుకోదు. ఎటు చూసినా దారి ఆ మనిషి దగ్గరికే పోతోంది. ఆయన మొహం కూడా ఆమెకు తెలియదు.

ఆమె చీర పూర్తిగా మడిచి సంచిలో పెట్టింది.

“ఆయన ఎన్నింటికి వస్తారు క్లబ్బుకి?”

“తొమ్మిదిన్నరకి.”

“ఆయన కారు గేటు దాటకముందే మనం అక్కడుండాలి,” అంది ధనలక్ష్మి.